స్టార్ట్ అవుతోంది కదా అని బయల్దేరకండి: దూర ప్రయాణానికి ముందు కారులో చూడాల్సినవి

బ్యాటరీ డౌన్ అయితే కారు కదలదు. ఫ్యూయల్ పంప్ పాడైతే ఆగిపోతుంది. చికాకే గానీ, ఇలాంటివి చాలావరకు జేబుకే చిల్లు పెడతాయి. అసలు భయపడాల్సింది బండిని ఆపని లోపాలకు. బ్రేక్ ఆయిల్‌లో నీరు చేరినా, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్ వదులైనా కారు రోజూలాగే స్టార్ట్ అవుతుంది, ఆఫీసుకు వెళ్లొస్తుంది. పైగా ఇవి మెల్లగా ముదురుతాయి కాబట్టి రోజూ నడిపేవాళ్లకు తేడా తెలియదు. ఆ కారు అలవాటు లేనివాళ్లకు ఒకసారి స్టీరింగ్ ఇచ్చి చూడండి. "పెడల్ ఇంత లోపలికి పోతోందేంటి?" అని అడిగేది వాళ్లే.

ముందు బ్రేకుల సంగతి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. మామూలు రోడ్ల మీద ఈ తేడా బయటపడదు. కొండ దిగుతూ పదేపదే బ్రేక్ తొక్కినప్పుడు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానితో పని లేకుండా, సాధారణంగా రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్చాలంటారు. తక్కువ తిరిగే కార్లలోనే దీన్ని ఎక్కువగా మర్చిపోతారు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఆపి ఉంచి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. కాస్త కిందికి దిగితే, మన కాలి బలాన్ని పెంచే బూస్టర్ పనిచేస్తున్నట్టే. తర్వాత ఒక అర నిమిషం అదే బలంతో నొక్కి ఉంచండి. పెడల్ మెల్లమెల్లగా జారిపోతుంటే పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్‌లోనో, బ్రేక్ ఆయిల్ గొట్టాల్లోనో లీకు ఉందని అనుమానించాలి. ఆ బండిని గ్యారేజీ దాకా కూడా నడపొద్దు, టోయింగ్‌కి ఫోన్ చేయండి.

చక్రంతో తిరిగే డిస్క్‌ను రెండు పక్కలా నొక్కి ఆపే బ్రేక్ ప్యాడ్ల విషయంలో ఒక మోసం ఉంది. చక్రం సందుల్లోంచి కనిపించేది బయటి ప్యాడ్. ప్యాడ్లను పట్టి నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతే లోపలిది త్వరగా అరుగుతుంది. బయటిది బాగుందని వదిలేస్తే లోపల ఇనుము మీద ఇనుము రాసుకుంటూ ఉంటుంది. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గరే వేడి ఎక్కువగా కొడుతోందంటే అక్కడ బ్రేక్ పట్టేసిందని అర్థం. ముట్టుకోకుండా దగ్గర చెయ్యి పెట్టి చూస్తే చాలు.

టైర్లదీ ఇదే కథ. బయట గాడులు నిండుగా ఉన్నా, చక్రాల అలైన్‌మెంట్ (అవి నిలబడే కోణం) తప్పితే లోపలి అంచు తీగలు తేలేదాకా అరిగిపోవచ్చు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి వేసి చూడండి. చేత్తో తడమకండి, తీగలు కోసుకుంటాయి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే టైరు పని అయిపోయినట్టే. వానాకాలం ముందైతే అంతదాకా ఆగడం కూడా తెలివైన పని కాదు. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు వయసు చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. స్టెప్నీకీ వయసుంటుంది, అది డిక్కీలో కూర్చున్నంత మాత్రాన కొత్తది కాదు.

చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోందంటే బేరింగ్‌నో, బాల్ జాయింట్‌నో అనుమానించాలి. ముందు చక్రం పక్కలకు కదిలితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ కావచ్చు. జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి మాత్రం దూరకండి, స్టాండ్లు ఉండాల్సిందే.

సైలెన్సర్ శబ్దం పెరిగి, వెనక కూర్చున్నవాళ్లకు తలనొప్పి, వికారం వచ్చి, బయటి గాలికి తగ్గిపోతుంటే ప్రయాణ బడలిక అనుకోవద్దు. సైలెన్సర్ లీకై పొగ లోపలికి వస్తూ ఉండొచ్చు, అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. వెంటనే ఆపి అందరూ దిగండి.

పాత కారు కొన్నవాళ్లు ఇంకోటి చూడాలి. కీ ఆన్ చేయగానే ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే సంతోషించకండి, లోపం కనబడకుండా ఎవరో బల్బే తీసేసి ఉండొచ్చు. 17 అక్షరాల, అంకెల వీఐఎన్ నంబరుతో (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) రీకాల్, అంటే లోపం సరిచేయడానికి బండిని వెనక్కి పిలవడం, ఉందేమో కంపెనీని అడగండి. టకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో, వాటిని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లు కొన్ని వేడికి, తేమకు ఏళ్ల తరబడి పాడై, తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కల్ని చిమ్మాయి. అలాంటిది ఏ మెకానిక్ కంటికీ ఆనదు.

గ్యారేజీలో "జనరల్ సర్వీస్ చేయండి" అంటే ఆయిల్, ఫిల్టర్లు మార్చి బండి కడిగి ఇచ్చేయొచ్చు. నాలుగు చక్రాలూ విప్పి లోపలి ప్యాడ్లు, బ్రేక్ గొట్టాలు, జాయింట్లను కప్పే రబ్బరు బూట్లు చూపించమని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఈ పనంతా ప్రయాణానికి వారం ముందే పెట్టుకోండి, ముందురోజు సాయంత్రం కాదు. విప్పిన చక్రాల నట్లను 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానాతో) మళ్లీ సరిచూడాలి. ఆ కాస్త దూరం ఊళ్లోనే తిరిగేయాలి.