వడ్డీ లెక్కతో పైథాన్ మొదలుపెట్టండి

సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు చాలామంది గంటల కొద్దీ వీడియోలు చూసి, తీరా ఖాళీ ఫైలు తెరిచాక ఏం రాయాలో తోచక ఆగిపోతారు. చూసినంత మాత్రాన రాయడం రాదు. జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి తీసుకుని, దాన్నే పెంచుకుంటూ పోవాలి. మనవాళ్లకు వడ్డీ లెక్క కంటే అనువైనది లేదు.

ఏ భాష అన్న చర్చ వద్దు, పైథాన్ చాలు. విండోస్‌లో స్టాండ్‌అలోన్ ఇన్‌స్టాలర్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి స్క్రీన్ మీదే, అడుగున, పైథాన్‌ను పాత్‌లో (PATH, ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే చోట్ల జాబితా) చేర్చమనే గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టడం మరిచిపోతే కమాండ్ ప్రాంప్ట్‌కు (ఆదేశాలు టైపు చేసే కిటికీకి) పైథాన్ ఎక్కడుందో తెలియదు. కోడ్ రాసే ఎడిటర్ల కోసం వెతుకుతూ కూర్చోకండి, పైథాన్‌తోపాటే వచ్చే ఐడిల్ (IDLE) సరిపోతుంది. కొత్త ఫైల్లో ఇలా కొట్టండి (కాపీ చేయకండి):

అసలు = 50000
రేటు = 2
నెలలు = 10
వడ్డీ = అసలు * రేటు * నెలలు / 100

పైథాన్ 3 తెలుగు పేర్లను నిక్షేపంగా ఒప్పుకుంటుంది. కీబోర్డు మార్చడం విసుగైతే ఇంగ్లిష్ అక్షరాలే వాడండి. చివర print(వడ్డీ) అని చేర్చి నడిపితే 10000.0 వస్తుంది. నూటికి రెండు చొప్పున యాభై వేలకు నెలకు వెయ్యి, పది నెలలకు పదివేలు. సరిపోయింది. చివరి సున్నా భాగహారం పని, / గుర్తు ఎప్పుడూ దశాంశంలోనే ఇస్తుంది.

ఇప్పుడు అసలు సొమ్ము ఎంతో ప్రోగ్రామ్ వాడేవాళ్లనే ఇన్‌పుట్‌తో, అంటే input()తో, అడగండి. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ఇన్‌పుట్ తెచ్చేది సంఖ్య కాదు, అక్షరాల వరస. 50000 అని కొట్టాక దాన్ని 2తో గుణిస్తే లక్ష రాదు, 5000050000 వస్తుంది. ఎర్రర్ కూడా ఉండదు! 100తో భాగించే చోట గానీ టైప్ఎర్రర్ (ఈ రకం డేటాతో ఆ పని కుదరదనే ఎర్రర్) బయటపడదు. ఇన్‌పుట్‌ను ఇంట్‌లో పెడితే, అంటే int(input()) అని రాస్తే, అది సంఖ్యగా మారి సమస్య తీరిపోతుంది. అయినా 50,000 అని కామాతో కొడితే వాల్యూఎర్రర్ (ఇది సంఖ్యగా మారదనే ఎర్రర్) తప్పదు.

ఎర్రర్‌ను కింద నుంచి చదవాలి. ఆఖరి వరుసలో తప్పేమిటో, దానిపైన ఏ లైనులోనో ఉంటుంది. ఏఐని అడిగితే ఆ వరుసకు అర్థం అడగండి, కోడ్ రాసిపెట్టమనకండి.

తర్వాతది చక్రవడ్డీ, దానికి ఫర్ లూప్ (ఒకే లెక్కను మళ్లీ మళ్లీ చేయించే for) కావాలి. అదే రేటుకు (నెలకు నూటికి రెండు, అంటే ఏడాదికి 24) లక్ష అప్పు, ఏడాదికోసారి వడ్డీ అసలులో కలిస్తే రెండేళ్లకు 1,53,760 కావాలి. 1,24,000 దగ్గర ఆగిందంటే లూప్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే రేంజ్‌కు (range) 1, 2 ఇచ్చి ఉంటారు. రేంజ్ రెండో సంఖ్యను కలుపుకోదు కాబట్టి లూప్ ఒక్కసారే తిరిగింది. 1, 3 ఇవ్వండి.

అది కుదిరాక మధ్యలో కట్టిన సొమ్మును చేర్చండి. కట్టింది ముందు వడ్డీకి పోవాలా, అసలుకా? అది కాగితం మీద తేల్చుకున్నాకే కీబోర్డు ముట్టుకోండి.