ట్యాంకు కటకటమంటోందా? విప్పే ముందు వినండి

బస్సు గేర్‌బాక్సులు విప్పి బిగించి రిటైరైనవాణ్ణి కదా అని, మనవడు తన టైగర్ యుద్ధట్యాంకు బొమ్మ తెచ్చి నా ముందు పెట్టాడు. 1:16 సైజుది, అంటే అసలుదానిలో పదహారో వంతు, రిమోట్‌తో నడిచేది. "తాతా, ఎడమపక్క కటకటమంటోంది" అన్నాడు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి పక్క ఇసక కుప్ప ఎక్కించిన సంగతి మాత్రం చెప్పలేదు.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. ట్యాంకు కింద పీట వేసి, చెయిన్లు గాల్లో ఉండేలా లేపి నడపండి. గాల్లో చప్పుడు లేక, నేల మీదే వస్తుంటే చాలాసార్లు తప్పు చెయిన్‌ది. వదులైతే దాన్ని తిప్పే పళ్ల చక్రం, అదే స్ప్రాకెట్, పళ్ల మీద జారి టక్కుమంటుంది. మరీ బిగిస్తే మోటారు మూలుగుతుంది. టైగర్‌కు పైభాగం చెయిన్ చక్రాల మీద కాస్త వాలి ఉండాలి. వెనక చక్రం జరిపి సరిచేయండి.

గాల్లోనూ చప్పుడుందా? ఇప్పుడు విప్పి, లోపలి సర్క్యూట్ బోర్డు దగ్గర ఎడమ, కుడి మోటారు ప్లగ్గులు మార్చి పెట్టండి. రోగం అవతలి పక్కకు పోతే బోర్డుది. అక్కడే ఉంటే మోటారుదో గేర్లదో. మోటారు ఊడదీసి ఒంటరిగా తిప్పితే అదీ తేలిపోతుంది.

ఇక చెవి పెట్టండి. స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగేసరికి ఒకే 'టక్' వస్తే చివరి పెద్ద గేరులో పన్ను విరిగిందనో, ఇసక రేణువు ఇరుక్కుందనో అర్థం. టకటకా గబగబా వస్తే మోటారు పక్క చిన్న గేర్లు చూడండి. మోటారు తిరిగి చెయిన్ కదలకపోతే పినియన్, అంటే మోటారు కొసన ఉండే చిన్న గేరు, షాఫ్టు మీద జారుతుండొచ్చు. ఉక్కు గేర్లకు మామూలుగానే కొంత రొద ఉంటుంది, దానికి టెన్షన్ పడకండి. ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకున్నాయేమో కూడా చూడండి. తిరుపతిలో వాటికి కొరవా!

ఎడతెగని కీచు అయితే పినియన్ పక్క గేరుకు మరీ ఆనుకుని ఉంది. బ్యాటరీ తీసేసి, మోటారు స్క్రూలు వదులు చేయండి. నోటుపుస్తకం కాగితం సన్నగా కత్తిరించి రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారును మెల్లగా నొక్కి స్క్రూలు బిగించండి. పినియన్ తిప్పి కాగితం బయటికి లాగితే మడతలు పడి ఉండాలి, చిరగకూడదు. ఆ సందునే మా డిపోలో 'ప్లే' అనేవాళ్లం.

గ్రీజు దగ్గర నేనే తప్పు చేశాను. ఇంట్లో ఉన్న బస్సు గ్రీజు కూరాను. అది చిక్కగా పట్టేసి మోటారు వేడెక్కింది. అంతా కడిగి, పళ్లకు మాత్రం ప్లాస్టిక్‌ను తినని సిలికాన్ గ్రీజు పలచగా పూశాను. మోటారు బ్రష్షుల దగ్గరికి అది పోకూడదు.

బిగించాక పీట మీదే ముందుకు ఐదు నిమిషాలు, వెనక్కి ఐదు నిమిషాలు తిప్పండి. మోటారు మీద వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే మళ్లీ కాగితం పెట్టి ఆ సందు సరిచేయండి.