బుధుడి మీద త్యాగరాజ క్రేటర్: ఫోటో చూసి అర్థం చేసుకోవడం ఎలా

బుధగ్రహం మీద మన త్యాగరాజస్వామి పేరుతో ఒక క్రేటర్ (అంతరిక్షం నుంచి రాయి వచ్చి గుద్దుకోవడం వల్ల పడిన గుంట) ఉంది, వెడల్పు దాదాపు 100 కిలోమీటర్లు. (అక్కడి క్రేటర్లకు కవులు, సంగీతకారులు, చిత్రకారుల పేర్లే పెడతారు, కాళిదాసూ వాల్మీకీ కూడా ఉన్నారు.) నాసా ఫోటోజర్నల్ సైట్‌లో ఆ పేరు ఇంగ్లిష్‌లో కొట్టి వెతికితే 2011 నుంచి 2015 వరకు బుధుడి చుట్టూ తిరిగిన నాసా వ్యోమనౌక మెసెంజర్ తీసిన ఫోటోలు ఫ్రీగా దొరుకుతాయి. పెద్ద సైజుది దించుకోండి, ఫోన్‌లో చూస్తే సగం వివరాలు పోతాయి.

అన్నిటికంటే ముందు వెలుగు ఎటు నుంచి పడుతోందో పట్టుకోవాలి. చాలామంది ఇది వదిలేస్తారు, దాంతో గుంట కాస్తా గుట్టలా కనిపిస్తుంది. గుంటలో సూర్యుడున్న వైపు గోడ నీడలో ఉంటుంది, ఎదుటి గోడ మెరుస్తుంది. గుట్టకైతే సరిగ్గా దీనికి వ్యతిరేకం. అయినా తికమకగానే ఉంటే ఫోటోని తలకిందులు చేసి చూడండి, చాలాసార్లు అప్పుడే తెలిసిపోతుంది.

తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి రండి. చిన్న క్రేటర్లు గిన్నెలా నున్నగా ఉంటాయి. బుధుడి మీద వెడల్పు సుమారు 10 కిలోమీటర్లు దాటాక మాత్రం గోడలు తమ బరువుకు తామే జారి మెట్లు మెట్లుగా నిలుస్తాయి, దెబ్బకు అణిగిన నేల తిరిగి పైకి తన్నుకొచ్చి మధ్యలో శిఖరాలవుతాయి.

అసలు సరుకు త్యాగరాజ అడుగుభాగంలో ఉంది. రంగులు పెంచిన ఫోటోలో నీలంగా మెరిసే అడ్డదిడ్డమైన మచ్చలు కనిపిస్తాయి, వాటిని చిన్న క్రేటర్లు అనుకోకండి! వాటికి గుండ్రటి ఆకారం లేదు, పైకి లేచిన అంచు లేదు, అడుగు చదునుగా ఉంటుంది. రాతిలో సులువుగా ఆవిరయ్యే పదార్థాలేవో ఎగిరిపోయి నేల కుంగడం వల్ల ఇవి ఏర్పడ్డాయని శాస్త్రవేత్తల అంచనా. మధ్యలో ఎర్రగా ఉన్నది అగ్నిపర్వతం పేలి చిమ్మిన బూడిద కావచ్చంటారు. ఈ రంగులు చూసి మోసపోవద్దు, కంటికైతే బుధుడు ఉత్త బూడిదరంగే.

వయసు కావాలా? ఒక క్రేటర్ అంచుని ఇంకోటి కోస్తే కోసిందే తర్వాత వచ్చింది. నేల మీద చిన్న గుంటలు ఎంత ఎక్కువుంటే ఆ నేల అంత పాతది. కాకపోతే వరసగా గొలుసుకట్టులా ఉన్న గుంటల్ని లెక్కలోంచి తీసేయాలి, అవి పెద్ద దెబ్బకి ఎగిరిన రాళ్లు తిరిగి పడి చేసినవి.