గుండె కోసం సీఆర్‌పీ టెస్టు: ఎప్పుడు ఇవ్వాలి, ఎలా చదవాలి

హనుమకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకిది 21వ ఏడు. మా అక్క జగిత్యాల దగ్గర ఊర్లో బీడీలు చుట్టేది. 52 ఏళ్ళకు ఆమెకు గుండెపోటు వచ్చింది. షుగర్ లేదు, బీపీ లేదు. అంతకు మూడు నెలల ముందు నేనే ఆమె రక్తం తీసి చూశాను. చెడు కొలెస్ట్రాల్ 108 వచ్చింది. "మంచిగనే ఉందక్కా" అని పంపించాను. పదేళ్ళ నుంచి ఆమెకు కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉందని తెలుసు, దానికీ గుండెకూ సంబంధం ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు. ఒక స్టెంట్ పడింది, అక్క బతికింది. అప్పటి నుంచి చదివిందీ, రోజూ శాంపిళ్ళ దగ్గర చూస్తున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కొలెస్ట్రాల్ రక్తనాళం గోడలోకి దిగితే ఒళ్ళు దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే చూస్తుంది. తెల్ల కణాలు అక్కడికి చేరి, లోపల వాపు రేగుతుంది. ఆ వాపుకు కొలెస్ట్రాల్ పూడిక మీది పొర పలచబడి ఏదో ఒక రోజు చిట్లుతుంది, దాని మీద రక్తం గడ్డకడుతుంది. చాలా గుండెపోట్లు ఇలాగే వస్తాయి. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారు చేస్తుంది. అయితే ఆ వాపు గుండె నాళంలో ఉందా, పంటి చిగురులో ఉందా అన్నది ఈ టెస్టు చెప్పదు. అందుకే టెస్టు ఇచ్చే రోజును ఎంచుకోవాలి.

డాక్టరు రాసిన చీటీలో 'హెచ్‌ఎస్-సీఆర్‌పీ' అని ఉందో లేదో ముందు చూసుకోండి. ఉత్త సీఆర్‌పీ జ్వరాలకు, ఇన్ఫెక్షన్లకు చేసేది. గుండె ముప్పు అంచనాకు కావలసిన చిన్న అంకెలను అది సరిగ్గా పట్టుకోదు. వాపు చూసే పాత రక్తపరీక్ష ఈఎస్ఆర్ కూడా దీనికి బదులు కాదు.

జ్వరం, దగ్గు, పంటి వాపు, మానని పుండు ఉన్నప్పుడు ఈ టెస్టు ఇవ్వకండి. పూర్తిగా తగ్గాక కనీసం రెండు వారాలు ఆగండి. మా దగ్గర వానాకాలంలో చికున్‌గున్యా వచ్చినవాళ్ళకు కీళ్ళ నొప్పులు నెలల తరబడి ఉంటాయి. అలాంటివాళ్ళు ఇంకా ఆగడమే మంచిది. దీనికి పరగడుపు అవసరం లేదు. అదే శాంపిల్‌తో కొలెస్ట్రాల్ కూడా చూపించుకుంటే మాత్రం పరగడుపున రండి. వాడే మందులన్నీ చెప్పండి. మోకాళ్ళ నొప్పికి ఊర్లో ఆర్ఎంపీ దగ్గర వేయించుకున్న సూది సంగతి చాలామంది చెప్పరు. అందులో స్టెరాయిడ్ ఉంటే అంకె పడిపోతుంది. కొలెస్ట్రాల్ మాత్రలు దాన్ని తగ్గిస్తాయి, కొన్ని హార్మోన్ మాత్రలు పెంచుతాయి.

రిపోర్టు రాగానే అంకె కంటే ముందు దాని పక్కనున్న కొలమానం చూడండి. లీటరుకు 3 మిల్లీగ్రాములు అన్నా, డెసీలీటరుకు 0.3 అన్నా ఒకటే. ఒక ల్యాబ్ రిపోర్టును ఇంకో ల్యాబ్ రిపోర్టుతో పోల్చి పది రెట్లు పెరిగిందని ఏడ్చినవాళ్ళను చూశాను. లీటరు లెక్కన 1 లోపు ఉంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే దాన్ని గుండె లెక్కలో వేయకూడదు, ఒంట్లో ఇంకేదో ఉందని అర్థం. ఎనుమాముల మార్కెట్ హమాలీ ఒకాయనకు 14 వచ్చింది. టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదన్నాడు. నోరు తెరిపించి చూస్తే దవడ పన్ను చీము పట్టి ఉంది. పన్ను తీయించుకుని నెల తర్వాత వస్తే 1.6 ఉంది. అందుకే ఒక్క రిపోర్టుతో తేల్చుకోకండి. రెండు వారాల ఎడంతో రెండుసార్లు చేయించి సగటు తీయాలి.

కీళ్ళవాతం, సోరియాసిస్ ఉన్నవాళ్ళకు ఈ అంకె ఎప్పుడూ పెరిగే ఉండొచ్చు. వాళ్ళు అంకె కంటే ముందు తమ జబ్బు గురించే గుండె డాక్టరుకు చెప్పాలి. కీళ్ళవాతం ఉంటే మామూలుగా లెక్కగట్టిన గుండె ముప్పును 1.5తో గుణించాలని యూరప్ కీళ్ళ వైద్యుల సంఘం సూచిస్తుంది. మా అక్క విషయంలో నాకు తెలియక జారిపోయింది ఇదే.

వాపును తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయా? 2017లో వచ్చిన కాంటోస్ పరిశోధనలో అంతకుముందే గుండెపోటు వచ్చిన 10,061 మందిని తీసుకున్నారు. కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా వాపును మాత్రమే తగ్గించే సూది ఇస్తే ముప్పు సుమారు 15 శాతం తగ్గింది. కానీ ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. కాబట్టి వాపు మందులు సొంతంగా కొని వాడకండి.

స్కానింగ్ విషయానికొస్తే, గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియంను లెక్కగట్టే కాల్షియం స్కోర్ సీటీకి రంగు మందు ఎక్కించరు, నిమిషాల్లో అయిపోతుంది. 0 వస్తే మంచిదే. 100 దాటితే కొలెస్ట్రాల్ మాత్ర గురించి డాక్టరుతో గట్టిగా మాట్లాడాలి. 400 పైన అంటే పూడిక చాలా ఉన్నట్టు. కాల్షియం అంటే పాత గాయం మీద కట్టిన పెచ్చు లాంటిది, ఇప్పుడు రేగుతున్న వాపు అందులో కనపడదు. మెత్తని పూడిక కూడా కనపడదు. అందుకే చిన్న వయసులో బీడీలు తాగేవాళ్ళు 0 చూసి నిశ్చింతగా ఉండకూడదు. స్టెంట్ పడ్డవాళ్ళకు ఈ స్కోర్‌తో పనిలేదు. మెత్తని పూడిక సీటీ యాంజియోగ్రామ్‌లో కనిపిస్తుంది, దానికి రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్టు చేయించుకోండి. చక్కెర లాంటి మందు ఎక్కించి తీసే పెట్ స్కాన్ వాపును చూపిస్తుంది కానీ గుండె కండరం తనే చక్కెరను పీల్చుకోవడంతో చిన్న నాళాల దగ్గర మసకబారుతుంది. చెకప్ పేరుతో దానికి డబ్బు పెట్టకండి. ఆ డబ్బులో కొంచెంతో ఎల్‌పీ-ఏ (చెడు కొలెస్ట్రాల్ లాంటి ఒక కొవ్వు కణం) టెస్టు చేయించుకోండి. అది పుట్టుకతో వచ్చేది, జీవితంలో ఒక్కసారి చూస్తే దాదాపు సరిపోతుంది. డెసీలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు కూడా చూపించుకోవాలి.

అంకె పెరిగి ఉంటే బీడీ, గుట్కా, జర్దా మానడంతో మొదలుపెట్టండి. నడుము చుట్టుకొలత తగ్గించండి, చిగుళ్ళు చూపించుకోండి. అక్క ఇప్పుడు కీళ్ళ మందు ఒక్క రోజు కూడా మానదు. నొప్పి తగ్గగానే ఆపేసే అలవాటు ఆమెకు ఉండేది.

ఛాతీలో బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉన్నప్పుడు మాత్రం ఈ టెస్టు కోసం ల్యాబ్‌కు రాకండి. 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావలసింది ఈసీజీ, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ టెస్టు. అక్క ఆ రోజు గ్యాస్ అనుకుని సోడా తాగి రెండు గంటలు పడుకుంది.