బీచ్ హౌస్ బుక్ చేశాక సముద్రంలో చమురు లీకైతే: బ్యాలెన్స్ కట్టే ముందు జాగ్రత్తలు

2024 డిసెంబర్ 15న కెర్చ్ జలసంధిలో వచ్చిన తుఫానుకు రెండు రష్యా ట్యాంకర్లు దెబ్బతిన్నాయి. వాటిలోని మజుత్ అనే చిక్కటి ఇంధనం నల్ల సముద్రం ఒడ్డున ఉన్న అనపా బీచ్‌లకు కొట్టుకొచ్చింది. అప్పటికి వేసవి సెలవులకు ఇంకా ఆరు నెలల టైముంది. వేలమంది వాలంటీర్లు చలిలో నిలబడి ఇసుక ఎత్తిపోశారు. అయినా 2025 వేసవి సీజన్ మొదలయ్యే నాటికి కూడా అక్కడ ఈతకు అనుమతి రాలేదు. కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. 2021 అక్టోబర్ మొదట్లో సముద్రం అడుగున ఉన్న పైప్‌లైన్ నుంచి చమురు కారి బీచ్ మూసేశారు. అదే నెల 11న మళ్లీ తెరిచేశారు.

ఒకచోట పది రోజులు కూడా పట్టలేదు, ఇంకోచోట ఆరు నెలలు చాలలేదు. అందుకే వార్త వచ్చిన రోజున "మన తేదీలకల్లా బాగైపోతుంది" అనేవాళ్ల మాటా నమ్మకండి, "ఇక ఈ ఏడాదికి అంతే" అనేవాళ్ల మాటా నమ్మకండి. నల్లటి నీళ్లలో దిగొద్దని, చచ్చిన చేపల్ని ముట్టుకోవద్దని ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది డబ్బు గురించి, పిల్లల గురించి, బీచ్ పక్కన ఇల్లు అద్దెకిచ్చి బతికేవాళ్ల గురించి.

అందరూ చేసే తప్పు: ఫోన్‌లో మాట విని బ్యాలెన్స్ కట్టేయడం

బీచ్ పక్కన ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ముందు అడ్వాన్స్ కడతాం, ప్రయాణానికి కొన్ని వారాల ముందు మిగతాది కడతాం. చమురు వార్త సరిగ్గా ఈ రెంటి మధ్య వచ్చిందంటే మొదలవుతుంది టెన్షన్. ఓనర్‌కి ఫోన్ చేస్తాం. ఆయన "ఏం కంగారు పడకండి, నూనె వస్తే మీ డబ్బు మీకిచ్చేస్తాను" అంటాడు. ఆ మాటతో మనసు కుదుటపడి, అదే సాయంత్రం బ్యాలెన్స్ కట్టేస్తాం.

నాకు తెలిసిన మూడు కుటుంబాలు ఇలాగే పెద్ద ఇల్లొకటి కలిసి తీసుకున్నాయి. వాళ్లు వెళ్లేసరికి బీచ్‌లో నీళ్లలోకి దిగరాదని బోర్డు పెట్టి ఉంది. ఓనర్‌ని అడిగితే ఆయన గొంతు కూడా పెంచలేదు. "ఇంట్లో నీళ్లొస్తున్నాయి, ఏసీ పనిచేస్తోంది. నేను మీకు అద్దెకిచ్చింది ఇల్లు, సముద్రం కాదు కదండీ" అన్నాడు. వాళ్ల దగ్గరున్న రసీదులో బీచ్ అనే మాటే లేదు. ఫోన్‌లో అన్న మాటకు సాక్ష్యం లేదు. పైసా వెనక్కి రాలేదు. అంతకన్నా బాధ ఏమిటంటే, బుకింగ్ చేసిన అమ్మాయితో మిగతా రెండు కుటుంబాలు చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఓనర్ మోసగాడేమీ కాదు. ఫోన్‌లో చెప్పినప్పుడు నిజంగానే ఇద్దామనుకుని ఉండొచ్చు. వరసపెట్టి నలుగురు డబ్బు వెనక్కి అడిగేసరికి ఇవ్వలేకపోయాడు. మాట ఇచ్చిన రోజున ఆయనకూ ఆ పరిస్థితి తెలియదు. అందుకే మనిషి మంచివాడా కాదా అన్న ఆలోచన వదిలేసి, మాటను రాతలో తీసుకోండి.

రాతలో అంటే స్టాంపు పేపర్ అక్కర్లేదు, ఈమెయిలో వాట్సాప్ మెసేజో చాలు. కానీ "నూనె వస్తే రీఫండ్" అని రాయించుకుంటే అది గాలి మాటే అవుతుంది. ఎంత నూనె? ఎక్కడికి వస్తే? వచ్చిందని తేల్చేది ఎవరు? ఒడ్డున చమురు గడ్డకట్టి అయిన తారు ఉండలు నాలుగు కనిపిస్తే మీరు వచ్చిందంటారు, ఆయన రాలేదంటాడు. ఇలా పంపండి:

"మా బస తేదీల్లో, లేదా అంతకు ముందు మూడు రోజుల్లో, మీ ఇంటికి దగ్గరున్న ఫలానా బీచ్‌లో ఈతను గానీ ప్రవేశాన్ని గానీ చమురు వల్ల లేదా ఓడ ప్రమాదం వల్ల స్థానిక అధికారులు నిషేధిస్తే, మేము కట్టిన మొత్తం పద్నాలుగు రోజుల్లో వెనక్కి ఇస్తారు, లేదా ఏడాదిలోపు మేము అడిగిన తేదీలు ఇస్తారు. ఈ రెంటిలో ఏది కావాలో మేమే చెబుతాం. దీనికి ఒప్పుకుంటే సరే అని జవాబివ్వండి."

ఇందులో ఓడ ప్రమాదం అని ఎందుకు కలిపానంటే, 2025 మేలో కొచ్చి తీరానికి దూరంగా ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ మునిగినప్పుడు కేరళ బీచ్‌లకు కంటైనర్లు, ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొచ్చాయి. చమురు అని మాత్రమే రాసుకుంటే అలాంటిచోట మీ కాగితం పనికిరాదు. అధికారుల నిషేధం అన్న మాట ఇద్దరికీ రక్ష. బోర్డు పెట్టారో లేదో ఎవరైనా చూడొచ్చు, అందులో వాదనకు తావుండదు. 2010లో మెక్సికో గల్ఫ్‌లో చమురు కారినప్పుడు అక్కడి తీరంలో కొన్ని అద్దె సంస్థలు బీచ్ మూసేస్తే డబ్బు తిరిగిస్తామని తామే ముందుకొచ్చి రాసిచ్చాయి. బుకింగులు పోకుండా నిలబెట్టుకోవడానికి వాళ్లకూ అదే దారి. కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు.

"సరే" అన్న జవాబు వచ్చేదాకా బ్యాలెన్స్ కట్టకండి. గడువు దగ్గరపడితే ఇంకో వారం టైమివ్వమని, అది కూడా రాతలోనే, అడగండి.

భయపడి మీరే ముందు క్యాన్సిల్ చేయడం

మెక్సికో గల్ఫ్‌లో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలింది 2010 ఏప్రిల్ 20న. ఆ పేలుడులో పదకొండుమంది కార్మికులు చనిపోయారు. బావి నుంచి చమురు 87 రోజులపాటు కారి, జూలై 15కి గానీ ఆగలేదు. ఫ్లోరిడాలోని పెన్సకోలా బీచ్‌కి తారు ఉండలు చేరింది జూన్‌లో. అదే రాష్ట్రంలో నైరుతి తీరపు బీచ్‌లకు చమురు చేరనే లేదు, అయినా అక్కడ కూడా జనం బుకింగులు క్యాన్సిల్ చేసుకున్నారు. మీకై మీరు క్యాన్సిల్ చేస్తే మామూలు క్యాన్సిలేషన్ నిబంధనే వర్తిస్తుంది, అంటే అడ్వాన్స్ పోయినట్టే. బీచ్ మూసేశాక ఓనర్‌తో మాట్లాడితే కనీసం బేరానికి చోటుంటుంది.

నీటి మీది చమురు తెట్టును ప్రవాహాలు మోసుకెళ్తాయి, దానికి తోడు గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో గాలి నెడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి ఒకే దిక్కుగా వీస్తే రోజుకు ఇరవై కిలోమీటర్లకు పైగానే జరుగుతుంది. గాలి మళ్లితే తెట్టూ మళ్లుతుంది. కాబట్టి మ్యాప్‌లో దూరం కొలుచుకుని ధైర్యం తెచ్చుకున్నా, దిగులు పడ్డా లాభం లేదు. తెట్టు ఎటు కదులుతుందో అంచనా వేసే సంస్థలున్నాయి. అమెరికాలో ఆ పని నోవా చేస్తుంది, భారత్‌లో ఇన్‌కాయిస్ చేస్తుంది. రోజూ ఒకసారి అది చూడండి, చాలు. టీవీలో ఒకే పక్షిని పదిసార్లు చూపిస్తే బీచ్ సంగతి తెలియదు.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు. వార్త వచ్చాక కొన్న పాలసీ ఆ ఘటనకు పనికిరాదు, అప్పటికే తెలిసిన ప్రమాదం కింద కొట్టేస్తారు. ముందే కొన్నదైనా, మామూలు ట్రావెల్ పాలసీ ఇంట్లో ఉండలేని పరిస్థితికి డబ్బిస్తుంది గానీ బీచ్ పాడైందంటే ఇవ్వదు. అమెరికా లాంటి చోట్ల, ఏ కారణానికైనా క్యాన్సిల్ చేసుకునే అదనపు కవర్ దొరుకుతుంది. సాధారణంగా దాన్ని మొదటి అడ్వాన్స్ కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, వెనక్కి వచ్చేది 50 నుంచి 75 శాతం. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఓనర్ దగ్గర రాత తీసుకోవడం మానేయకండి.

వెళ్లాక, పిల్లలతో

పైకి తెల్లగా కనిపించే ఇసుక కింద నల్లటి పొర ఉండొచ్చు. అలలు కొత్త ఇసుక తెచ్చి దాన్ని కప్పేస్తాయి, తర్వాత ఏ తుఫానో వచ్చి మళ్లీ బయటపెడుతుంది. మెక్సికో గల్ఫ్ తీరంలో 2012లో ఐజాక్ హరికేన్ తర్వాత, బావి మూసిన రెండేళ్లకు, అలాగే పాత తారు పలకలు బయటపడ్డాయి. పిల్లలు ఇసుక తవ్వి ఆడతారు కాబట్టి ముందు మీరే చిన్న పారతో మూరెడు లోతు, రెండు మూడు చోట్ల తవ్వి చూడండి. నల్లటి చార గానీ పెట్రోల్ వాసన గానీ ఉంటే అక్కడ ఆడనివ్వకండి.

తారు ఉండ చూడటానికి ఇసుక పట్టిన గులకరాయిలా ఉంటుంది. పైపెంకు గట్టిగా ఉంటుంది, కాలి కింద పడగానే పగిలి లోపలి జిగురు మడమకు అతుక్కుంటుంది. అది నీళ్లతో పోదు. సబ్బుతో కడగండి, పోకపోతే బేబీ ఆయిల్ గానీ వంటనూనె గానీ రాసి మెత్తబడ్డాక గుడ్డతో తుడిచి, మళ్లీ సబ్బుతో కడగండి. కిరోసిన్, పెట్రోల్, పెయింట్ థిన్నర్ వాడకండి. తారు కన్నా అవే చర్మానికి ఎక్కువ హాని చేస్తాయి. మామూలు మనిషికి ఒకటి రెండుసార్లు తారు తగిలినంత మాత్రాన పెద్దగా ఏమీ కాదు. కానీ కొందరికి దద్దుర్లు వస్తాయి, అలాంటివాళ్లు మళ్లీ ముట్టుకోకూడదు.

తాజా చమురు నుంచి మొదటి రోజుల్లో వచ్చే ఆవిరి వేరే సంగతి. తలనొప్పి, వికారం వస్తే కిటికీలు మూసుకుని కూర్చోకుండా ఆ చోటు వదిలి వెళ్లండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు వాసన తగ్గేదాకా ఆ తీరానికి వెళ్లకపోవడమే మంచిది.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు కూడా ఒక మాట. ట్యాంకర్ నుంచి చమురు ఒలికితే, 1992 ఫండ్ ఒప్పందంలో (ట్యాంకర్ చమురు నష్టానికి పరిహారమిచ్చే అంతర్జాతీయ ఒప్పందం) ఉన్న దేశాల్లో, పర్యాటకులతో నేరుగా వ్యాపారం చేసే హోటళ్లు, అద్దె ఇళ్లవాళ్లు తమ నష్టానికి పరిహారం అడగొచ్చు. నష్టం జరిగిన మూడేళ్లలోపు అడగాలి. అక్కడ కూడా నోటిమాట చెల్లదు. గత మూడు నాలుగేళ్ల బుకింగులు, బ్యాంకు లెక్కలు, క్యాన్సిల్ చేసినవాళ్లు పంపిన మెసేజ్‌లు, అందులో వాళ్లు చెప్పిన కారణం, అన్నీ తేదీలవారీగా దాచుకోండి. అతిథి ఫోన్ చేసి క్యాన్సిల్ అంటే "కారణం ఒక్క లైను రాసి పంపండి" అనండి. బీచ్ ఎలా ఉందో అడిగినవాళ్లకు నిజం చెప్పండి. పాత ఫొటో పంపి రప్పించుకున్న అతిథి జన్మలో మళ్లీ రాడు.

ఇక మిగిలినవి:

- ఓనర్ పంపే బీచ్ ఫొటో మీద నమ్మకం పెట్టుకోకండి. ఈరోజు పొద్దున తీసిన వీడియో అడగండి, లేదా వీడియో కాల్‌లో చూపించమనండి.
- డబ్బు కార్డు మీదే కట్టండి. ఎవరి సొంత ఖాతాకో పంపితే బ్యాంకు కూడా ఏమీ చేయలేదు.
- ఫోన్‌లో ఏం మాట్లాడినా, పెట్టేయగానే "ఇప్పుడు మనం అనుకున్నది ఇదీ" అని మెసేజ్ పంపండి. రాతలో.
- నలుగురు కలిసి బుక్ చేస్తే ఆ రాత నలుగురికీ పంపండి.
- బోర్డు కనిపిస్తే తేదీ, చోటు తెలిసేలా ఫొటో తీయండి.
- రీఫండ్ అడగాలనుకుంటే తాళాలు తీసుకోకండి. లోపల ఒక్క రాత్రి పడుకున్నా ఇల్లు వాడుకున్నట్టే లెక్క.
- చమురు ఒలికించిన కంపెనీ నా సెలవులకు డబ్బిస్తుందని ఆశపడకండి. మీరు ఎవరికి కట్టారో వాళ్ల దగ్గర్నుంచే రావాలి.
- ఒడ్డున నూనె పట్టిన పక్షిని పట్టుకోకండి, కడగకండి. అక్కడి వన్యప్రాణి అధికారులకు చెప్పండి.
- చేపలు పట్టడం నిషేధించిన తీరంలో చవగ్గా దొరికింది కొనకండి.
- కుక్కను తీసుకెళ్లకండి. పాదాలు నాకి తారు మింగుతుంది.
- శుభ్రం చేసేవాళ్ల దగ్గరికి సరదాగా సాయం చేయడానికి వెళ్లకండి. శిక్షణ, గ్లవ్స్, మాస్క్ ఇచ్చి పిలిస్తేనే వెళ్లండి.
- తారు అంటిన చెప్పులు గుమ్మం బయటే వదలండి. కార్పెట్ ఖర్చు మీ డిపాజిట్‌లోంచే కోస్తారు.
- "మన మధ్య రాతలెందుకండీ" అన్నారంటే అక్కడ బ్యాలెన్స్ కట్టకండి. బంధువైనా సరే, ఏళ్లుగా తెలిసినవాడైనా సరే. రాత వచ్చాకే డబ్బు.