ఇంటి బయోడీజిల్, పాత డీజిల్ బండి: లక్షణం, కారణం, పరిష్కారం

వాడిన వంటనూనెతో ఇంట్లో చేసుకున్న బయోడీజిల్ మీద నడపాలని పాత కుటుంబ వాహనం కొనేటప్పుడు అందరి చూపూ సీట్ల మీద, పెయింటు మీద, తిరిగిన కిలోమీటర్ల మీద పోతుంది. ముందు చూడాల్సింది నాజిళ్లకు ఒత్తిడితో ఇంధనం పంపే ఇంజెక్షన్ పంపును. తర్వాత ఏ తిప్పలు వస్తాయి, వస్తే ఎంతలో తేలతాయి అన్నది చాలావరకు ఆ పంపు రకాన్ని బట్టే ఉంటుంది. అలాగని బండికి వచ్చిన ప్రతి జబ్బునూ బయోడీజిల్ నెత్తిన వేయకూడదు. పాత బండికి పాత జబ్బులు ముందే ఉంటాయి.

తప్పు బండిదా, ఇంధనానిదా?

ఏ లక్షణం కనబడినా మొదట చేయాల్సిన పరీక్ష ఇది. శుభ్రమైన ఐదు లీటర్ల డబ్బాలో బంకు డీజిల్ పోయండి. ఇంజెక్షన్ పంపుకు వచ్చే పైపు, పంపు నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ పైపు రెండూ విప్పి, వాటి స్థానంలో పారదర్శకమైన డీజిల్ హోస్ పైపులు బిగించి, రెండు కొసలూ డబ్బాలో ముంచండి. రిటర్న్‌ను ట్యాంకుకే వదిలేస్తే డబ్బా నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఎయిర్ తీసి, బండి నిలబెట్టి, ఇంజన్‌ను పదిహేను నిమిషాలు ఆడనిచ్చి, మధ్యమధ్య యాక్సిలరేటర్ ఇవ్వండి. జబ్బు మాయమైతే తప్పు ట్యాంకు, లైను, ఫిల్టరు, ఇంధనం ఈ నాలుగింటిలో ఉంది. అలాగే ఉంటే పంపు, నాజిళ్లు, కంప్రెషన్ వైపు వెళ్లాలి. పంపును విప్పించే ముందు ఈ పరీక్ష చేయకపోతే మంచి పంపుకు అనవసరంగా ఓవర్‌హాల్ పడుతుంది.

కొనేముందు: పంపు మీది ప్లేటు చదవండి

ఇన్‌లైన్ పంపులో సిలిండరుకు ఇంధనాన్ని నెట్టే ప్లంజర్ ఒకటి ఉంటుంది. మెర్సిడెస్ డబ్ల్యూ123 తరం 300డి లోని ఓఎం617 ఐదు సిలిండర్ల ఇంజన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ పంపు ఇంజన్ ఆయిల్‌తో తడుస్తుంది కాబట్టి ఇంధనంలోని చిన్న లోపాలను ఓర్చుకుంటుంది. ఇంట్లో తయారీ కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకన్నా నమ్మకమైనది లేదు. బండి బరువు, పికప్ మందం, ఆ లోటు ఒప్పుకోవాలి.

బాష్ వీఈ రకం రోటరీ పంపుకు ఇంధనమే లూబ్రికేషన్. ఫోక్స్‌వ్యాగన్ 1.9 టీడీఐ ఇంజన్ల మొదటి తరాల్లో ఉండేది ఇదే కుటుంబపు పంపు. బయోడీజిల్‌కు జారుడు గుణం మామూలు డీజిల్ కన్నా ఎక్కువ కాబట్టి, ఇంధనం శుభ్రంగా, పొడిగా ఉంటే ఈ పంపు హాయిగా నడుస్తుంది. నీళ్లు కలిస్తే మాత్రం లోపల తుప్పు పట్టి, ప్లంజర్ గీసుకుపోతుంది.

ఒకే ఇంజన్ రెండు రకాల పంపులతో వచ్చిన సందర్భాలున్నాయి. పెజో, సిట్రోయెన్ బండ్లలోని ఎక్స్‌యూడీ ఇంజన్‌కు కొన్నిటిలో బాష్, కొన్నిటిలో లూకాస్ పంపు ఉంటుంది. లూకాస్ రోటరీ చిక్కటి ఇంధనాన్ని తట్టుకోదు. నూనె పూర్తిగా మారక సగంలో ఆగిన బయోడీజిల్ చలిలో చిక్కబడితే లోపలి భాగాల మీద భారం పడి విరుగుతాయి. బండి పేరు చూసి కాక ప్లేటు చదివి కొనమనేది అందుకే.

పంపు, నాజిల్ కలిసే ఉండే పీడీ ఇంజన్లలో ఒత్తిడి సుమారు 2,000 బార్‌కు చేరుతుంది. అన్ని నాజిళ్లకూ ఒకే ఒత్తిడి గొట్టం నుంచి ఇంధనం అందే కామన్ రైల్ కూడా అదే దారి. వీటికి ఇంటి ఇంధనం వందశాతం పోయడం మా సలహా కాదు, బండి పుస్తకంలో రాసిన శాతం దాటవద్దు. సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండి అయితే ఇంకా దూరంగా ఉండాలి. కారణం కింద ఆయిల్ మట్టం దగ్గర చెప్పాం.

చల్ల ఇంజన్ మీద తెల్ల పొగ, చాలాసేపు సెల్ఫ్

బండి చూడటానికి వెళ్లేముందే ఇంజన్ వేడి చేయవద్దని అమ్మేవారికి చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రావడం మేలు. చల్ల ఇంజన్‌లో సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్‌లు పనిచేయకపోతే చల్లటి ఇంజన్ తెల్ల పొగ వదిలి, ఒక్కో సిలిండర్ మిస్సింగ్ కొడుతూ నిమిషంలో సర్దుకుంటుంది. ప్లగ్ వైరు విప్పి మల్టీమీటరుతో ఎర్త్‌కు చూస్తే మంచి ప్లగ్ ఒక ఓమ్ చుట్టుపక్కల చూపుతుంది, పోయినది ఓపెన్. ఇది చిన్న ఖర్చు, బేరానికి పనికొస్తుంది.

వేడెక్కాక కూడా పొగ, వణుకు ఉంటే కంప్రెషన్ కొలిపించాలి. 1.9 టీడీఐలో కొత్తప్పుడు 25–31 బార్, 19 కన్నా తగ్గితే అరిగినట్టే, సిలిండర్ల మధ్య తేడా 5 బార్ దాటకూడదు. కంప్రెషన్ తక్కువున్న ఇంజన్‌లో బయోడీజిల్ సరిగా మండక, రింగుల్లో మసి కట్టి, ఆయిల్‌లోకి దిగుతుంది. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, తలకిందులుగా పెట్టి చూడండి. మూత కాస్త ఊగితే పర్లేదు. ఎగిరిపడేంత బ్యాక్ కంప్రెషన్ కొడితే ఆ బండి వదిలేయండి, ఎంత చవకైనా సరే.

ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ చచ్చిపోవడం

బయోడీజిల్ పోసిన మొదటి రెండు మూడు ట్యాంకుల్లో దాదాపు తప్పకుండా కనబడే లక్షణం ఇది. సమతలం మీద బాగానే పోతుంది. ఎత్తు మీద, లోడు మీద లాగదు. ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే మళ్లీ కాసేపు బాగుంటుంది.

బయోడీజిల్ మంచి ద్రావకం. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు, పైపులకు అంటుకున్న మడ్డిని కరిగించి తెచ్చి ఫిల్టరులో పెడుతుంది. లోడు పడినప్పుడు పంపు అడిగినంత ఇంధనం ఆ ఫిల్టరు గుండా రాదు. అంటే బండి చెడిపోలేదు, కడుగుడు పడుతోంది.

సరిచేయడం కన్నా ముందే జాగ్రత్తపడటం తేలిక. బండి కొన్న వెంటనే ట్యాంకు కింది బోల్ట్ విప్పి మడ్డి, నీళ్లు తీసేయండి. బోల్ట్ లేకపోతే పైనుంచి సన్న పైపు వేసి అడుగు నుంచి లాగండి. మొదటి ట్యాంకు 20 శాతం బయోడీజిల్, 80 శాతం డీజిల్. తర్వాత సగం సగం. ఆ తర్వాతే వందశాతం. మొదటి రెండు ట్యాంకులకూ చివర ఫిల్టరు మార్చండి. బండిలో ఎప్పుడూ ఒక కొత్త ఫిల్టరు, దాన్ని విప్పే పానా, గుడ్డ ఉండాలి. కొత్త ఫిల్టరును శుభ్రమైన డీజిల్‌తో నింపి బిగిస్తే ఎయిర్ తీసే పని తగ్గుతుంది. ఓఎం617 లాంటి వాటిలో ముందు చిన్న ప్లాస్టిక్ ఫిల్టరు కూడా ఉంటుంది. అది నల్లబడితే పెద్దదాన్ని కూడా మార్చే వేళైనట్టే.

ఫిల్టరు పదే పదే మూసుకుపోతుంటే

ట్యాంకు కడుగుడు మూడో ఫిల్టరుతో ముగియాలి. నాలుగోది, ఐదోది కూడా పోతోందంటే తప్పు మీ తయారీలో ఉంది. మూసుకున్న ఫిల్టరును కోసి కాగితం వేళ్లతో రుద్ది చూడండి. నల్లటి రేణువులైతే ట్యాంకు మడ్డి. తెల్లగా, మైనంలా, సబ్బులా జారుతుంటే తయారీలో పుట్టి, ఇంధనంలో మిగిలిపోయిన సబ్బు లేదా గ్లిజరిన్. జిగురు పొరలా ఉండి పుల్లటి వాసన వస్తే ట్యాంకులో నీటి మీద సూక్ష్మజీవులు పెరిగాయి. ఆ చివరిదానికి ట్యాంకు దించి కడగడం, నీరు లేకుండా చూసుకోవడం తప్ప దారి లేదు. మందు పోస్తే చచ్చిన జీవులు మళ్లీ ఫిల్టరులోకే వస్తాయి.

సబ్బు, గ్లిజరిన్ అని తేలితే ఈ మూడు పరీక్షలు, ప్రతి తయారీకీ:

మిథనాల్, కాస్టిక్ సోడాతో నూనె బయోడీజిల్‌గా మారడం పూర్తయిందా? 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ పోసి, సుమారు 20 డిగ్రీల దగ్గర బాగా కుదిపి, పది నిమిషాలు ఉంచండి. మొత్తం కరిగి తేటగా ఉంటే మంచిది. అడుగున నూనె బొట్టు దిగితే మారని నూనె మిగిలింది. ఆ ఇంధనాన్ని మళ్లీ ఆరబెట్టి, మొదట వాడినదానిలో ఐదోవంతు మిథనాల్, ఐదోవంతు కాస్టిక్ సోడాతో 55 డిగ్రీల దగ్గర రెండోసారి కలపాలి. తడి ఉండగా చేస్తే సబ్బే తయారవుతుంది.

సబ్బు ఉందా? సమానంగా నీళ్లు, బయోడీజిల్ సీసాలో పోసి పది సెకన్లు గట్టిగా కుదపండి. అరగంటలోపు రెండూ విడిపోయి మధ్య పొర సన్నగా ఉండాలి. మజ్జిగలా తెల్లగా ఉండిపోతే కడగడం చాలలేదు, లేదా సోడా ఎక్కువైంది. వాడిన నూనెకు సోడా లెక్క ఊహించకూడదు, నూనెలోని ఆమ్లాన్ని కొలిచే టైట్రేషన్ చేసి తీరాలి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మి.లీ. నూనె, రంగుతో తెలిపే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు కలిపి, లీటరు స్వేదనజలంలో 1 గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణాన్ని అందులో చుక్కచుక్కగా వేయండి. గులాబీ రంగు నిలవడానికి ఆ ద్రావణం ఎన్ని మి.లీ. పట్టిందో అన్ని గ్రాములను, లీటరుకు వేసే 5 గ్రాముల అసలు లెక్కకు కలపాలి. మిథనాల్ లీటరు నూనెకు 200–220 మి.లీ.

నీరు ఉందా? కడిగిన ఇంధనాన్ని గాలి తగిలేలా 50–55 డిగ్రీల దగ్గర తిప్పుతూ ఆరబెట్టాలి. చల్లారాక గాజు సీసాలో పోసి వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలగాలి. మసకగా ఉంటే తడి ఉన్నట్టు. బయోడీజిల్‌కు అమెరికా పెట్టుకున్న ఏఎస్‌టీఎం డి6751 ప్రమాణం నీరు, మడ్డి కలిపి 0.05 శాతం దాటనివ్వదు. ఆ హద్దు ఎంత చిన్నదో గుర్తుంచుకుంటే ఆరబెట్టడంలో తొందర ఉండదు.

మిథనాల్ విషం, దాని ఆవిరి మంట పట్టుకుంటుంది. 64.7 డిగ్రీలకే మరుగుతుంది. పనంతా ఆరుబయట, నిప్పుకు దూరంగా, కళ్లద్దాలు, గ్లోవ్స్‌తో మాత్రమే.

పంపు తడిగా ఉండటం, డీజిల్ వాసన

పాత బండ్ల సీళ్లు, గొట్టాలు నైట్రైల్ రబ్బరు లేదా సహజ రబ్బరుతో చేసినవి. బయోడీజిల్‌లో అవి ఉబ్బి, మెత్తబడి, చివరికి కారతాయి. మొదట కారేవి నాజిళ్ల మీది సన్నని గుడ్డచుట్టు రిటర్న్ పైపులు. అన్నిటినీ ఒకేసారి, బయోడీజిల్‌ను తట్టుకునే విటాన్ రబ్బరు పైపులతో మార్చేయండి. చవకైన పని, అరగంట చాలు. పంపు హెడ్ దగ్గర, పైమూత కింద తడి కనబడితే విటాన్ ఓ-రింగులు, గాస్కెట్ వేయించాలి. ఎలక్ట్రానిక్ వీఈ పంపు పైభాగం విప్పేముందు దాని స్థానం చుట్టూ గీత గీసుకోవాలి. మిల్లీమీటరులో భాగం జరిగినా ఇంధనం పరిమాణం మారి, ఐడ్లింగ్ చెడుతుంది. పంపు షాఫ్ట్ వైపు కారితే మాత్రం ఆగకుండా రిపేరు చేయించండి. అక్కడ కారేది టైమింగ్ బెల్ట్ మీద పడి బెల్ట్‌ను తినేస్తుంది. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

ట్యాంకు నుంచి పంపు వరకు రాగి, ఇత్తడి ఫిట్టింగులు ఎవరైనా మార్చి వేసి ఉంటే తీసేయండి. వాటివల్ల ఇంధనం తొందరగా పాడవుతుంది.

రాత్రి నిలిపి పొద్దున స్టార్ట్ చేస్తే చాలాసేపు తిప్పాల్సి రావడం

గ్లో ప్లగ్‌లు మంచివని తేలాక చూడాల్సింది ఎయిర్. పంపుకు ముందు పెట్టిన పారదర్శక పైపులో బుడగలు వస్తుంటే ట్యాంకు వైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. లీకు పీల్చే వైపు ఉంటే బయటికి కారదు, అందుకే కనబడదు. క్లిప్పులు, ఫిల్టరు రింగు, మెత్తబడ్డ గొట్టం ఒక్కోటి మార్చుకుంటూ రండి.

చలి ఉదయం మాత్రమే ఇలా ఉంటే గడ్డకట్టడం మొదలైంది. పామాయిల్ లేదా కొవ్వుతో చేసిన బయోడీజిల్ 13–16 డిగ్రీలకే మసకబారుతుంది. సోయాతో చేసినది సున్నా దగ్గర, రేప్‌సీడ్‌తో చేసినది ఇంకొంచెం కింద. ఒక సీసాడు ఫ్రిజ్‌లో పెట్టి, థర్మామీటరుతో మీ ఇంధనం ఎక్కడ మసకేస్తుందో ముందే తెలుసుకోండి. దానికి దగ్గరగా చలి పడే రోజుల్లో డీజిల్ కలపాలి. గడ్డకట్టిన ఫిల్టరు మీద వేడినీళ్లు పోయండి. మంట మాత్రం చూపించకండి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరగడం

ఆయిల్ తగ్గాలి గాని పెరగకూడదు. పెరిగితే ఇంధనం దిగుతోంది. డీపీఎఫ్‌ను శుభ్రం చేసుకోవడానికి చాలా బండ్లు సిలిండర్‌లోకే ఆలస్యంగా ఇంధనం చిమ్ముతాయి. మామూలు డీజిల్‌లో తేలికపాటి భాగాలు ఆయిల్ వేడికి ఆవిరైపోతాయి. బయోడీజిల్ 300 డిగ్రీలు దాటితే గాని మరగదు కనుక ఆయిల్‌లోనే ఉండిపోయి, పలచబరచి, ముదిరితే జిగురుగా గడ్డకడుతుంది. పీడీ ఇంజన్లలో ఇంజెక్టరు ఓ-రింగులు పోయినా ఇదే లక్షణం. డీపీఎఫ్ లేని పాత ఇంజన్‌లో పెరుగుదల కనబడితే నాజిళ్లు స్ప్రే టెస్ట్ చేయించండి, ధారగా కారే నాజిల్ దొరుకుతుంది. వందశాతం బయోడీజిల్ మీద నడిపే ఏ బండికైనా ఆయిల్ మార్చే దూరాన్ని సగానికి తగ్గించుకోవాలి.

నెలల తరబడి నిలిపిన బండి

బయోడీజిల్ గాలి తగిలి పాడవుతుంది, వార్నిష్ వాసన వస్తుంది, పంపులో జిగురు కడుతుంది. ఆరు నెలలు దాటినది ట్యాంకులో ఉంచవద్దు. బండిని ఎక్కువ రోజులు ఆపేటప్పుడు చివరి ట్యాంకు బంకు డీజిల్‌తో నడిపి, పంపు నిండా డీజిల్ ఉండగా ఆపండి. కొనబోయే బండి అప్పటికే అలా నిలబడి ఉన్నదైతే ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పెయింటు వాసన తగిలితే పంపు ఓవర్‌హాల్ ఖర్చు ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి.

మైలేజీ కాస్త తగ్గడం జబ్బు కాదు. లీటరు బయోడీజిల్‌లో శక్తి డీజిల్ కన్నా సుమారు 8–10 శాతం తక్కువ. అంతకు మించి పడిపోతేనే పైన చెప్పిన డబ్బా పరీక్షతో మళ్లీ మొదలుపెట్టాలి.