కట్టెకు నిప్పు అంటకుండా చేసే తవుడు మందు: పేటెంట్‌కు దరఖాస్తు విధానం

మందు పట్టించిన చెక్క మీద గ్యాస్ మంట పెడితే, అది అంటుకోకుండా నల్లబడి ఆగిపోయిన వీడియో మీ ఫోన్‌లో ఉందా? దరఖాస్తు నంబర్ చేతికొచ్చేదాకా దాన్ని ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. దరఖాస్తుకు ముందే నలుగురికీ తెలిసిపోయిన విషయాన్ని పేటెంట్ ఆఫీసు మామూలుగా కొత్తదిగా ఒప్పుకోదు.

నల్గొండ జిల్లాలో ఈ ఆలోచన రావడం సహజమే. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని తవుడుకు కొదవ లేదు. తవుడులో ఫైటిక్ యాసిడ్ ఉంటుంది, నూనె తీసేశాక కూడా ఉంటుంది. ఆ యాసిడ్ బరువులో దాదాపు 28 శాతం భాస్వరమే. వేడి తగిలితే అది ఫాస్ఫారిక్ యాసిడ్‌గా మారి, కట్టెలోని సెల్యులోజ్ నుంచి నీటిని లాగేస్తుంది. దాంతో మండే వాయువులు తగ్గి, పైన బొగ్గు పొర కడుతుంది. లోపలి కట్టెను కాపాడేది ఆ పొరే. యూరియా లాంటి నత్రజని పదార్థం తోడైతే పని ఇంకా బాగుంటుంది.

తంటా ఎక్కడంటే, ఈ మందు నీటిలో కరుగుతుంది. నాలుగు వానలకు దర్వాజ తడిస్తే కారిపోతుంది. కారిపోకుండా మీరు ఏదైనా ఉపాయం కనిపెట్టి ఉంటే దరఖాస్తుకు బలం అదే. ఫైటిక్ యాసిడ్‌తో కట్టె మండకుండా చేయొచ్చని పరిశోధకులు ఇదివరకే రాసేశారు, కాబట్టి అంతవరకే చూపిస్తే పేటెంట్ రాదు.

తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి. అక్కడిదాకా పోనక్కర్లేదు, క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్ (ఆన్‌లైన్‌లో చేసే సంతకం) ఉంటే ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ఫారం 1లో మీ వివరాలు, ఫారం 2లో మందు సంగతి మొత్తం. ప్రయోగాలు ఇంకా నడుస్తుంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి తేదీ పట్టుకోండి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు. 30 పేజీలు, 10 క్లెయిమ్‌లు (ఇది నాది అని హక్కు కోరే అంశాలు) దాటితే అదనంగా కట్టాలి. ప్రొవిజనల్ వేసిన రోజు నుంచి 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరాల పత్రం) వేయకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. కనిపెట్టింది ఎవరో చెప్పే ఫారం 5, విదేశాల్లో వేశారా లేదా చెప్పే ఫారం 3 కూడా కావాలి.

ఫారం 1 చివర్లో చిన్న డిక్లరేషన్ ఉంటుంది: ఈ ఆవిష్కరణలో భారతదేశపు జీవ పదార్థం వాడారా అని. తవుడు, తంగేడు బెరడు లాంటివి వాడినవాళ్లు దీన్ని చూడకుండా దాటేయొద్దు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన జీవవైవిధ్య చట్ట సవరణ ప్రకారం, ఇలాంటి వనరుల మీద దరఖాస్తు చేసే భారతీయులు పేటెంట్ మంజూరు కాకముందే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థలో రిజిస్టర్ చేసుకోవాలి. దాని ఆఫీసూ చెన్నైలోనే ఉంది.

అసలు చిక్కు పేటెంట్ చట్టం సెక్షన్ 3 దగ్గర వస్తుంది. 3(ఇ) ప్రకారం, దేని గుణం దానికే ఉండే ఉత్త మిశ్రమానికి పేటెంట్ రాదు. కాబట్టి మందు లేని చెక్క, ఫైటిక్ యాసిడ్ ఒక్కటే పట్టించింది, యూరియా ఒక్కటే పట్టించింది, రెండూ కలిపింది, వీటి ఫలితాలు పక్కపక్కనే చూపించండి. నీళ్లలో నానబెట్టాక వచ్చిన అంకెలు కూడా ఇవ్వండి. లిమిటింగ్ ఆక్సిజన్ ఇండెక్స్ (మండడానికి కనీసం ఎంత ఆక్సిజన్ కావాలో చూసేది), కోన్ కెలోరిమీటర్ (మండేటప్పుడు ఎంత వేడి వస్తుందో కొలిచేది) పరీక్షలైతే మేలు. స్టవ్ మంట పరీక్ష ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి సరిపోతుంది గానీ దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్‌ను కాదు. 3(పి) సంప్రదాయ జ్ఞానం గురించి. మీ మందులో తంగేడు బెరడు ఉంటే, దానితో తోలు ఊనడం (పదును చేయడం) తాతల నాటి నుంచి తెలిసిన పని. మీరు అంతకు మించి ఏం చేశారో రాయాలి.

దరఖాస్తు వేసి ఊరుకుంటే ఎవరూ పరిశీలించరు. మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోపు ఫారం 18 పెట్టి 4,000 రూపాయలు కట్టాలి. దరఖాస్తు ప్రచురణ 18 నెలలు నిండాక అవుతుంది. తొందరుంటే ఫారం 9, ఇంకో 2,500. తర్వాత ఎగ్జామినర్ అభ్యంతరాలు వస్తాయి, దానికి టెన్షన్ పడొద్దు, దాదాపు అందరికీ వస్తాయి. జవాబుకు 6 నెలల గడువు ఉంటుంది, అడిగితే ఇంకో 3 నెలలు ఇస్తారు.

పేటెంట్ వచ్చినా, మీ మందు పట్టించిన ప్లైవుడ్‌ను ఐఎస్ఐ గుర్తుతో అమ్మాలంటే మంటను తట్టుకునే ప్లైవుడ్ ప్రమాణమైన ఐఎస్ 5509 ప్రకారం బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లైసెన్స్ వేరేగా తీసుకోవాలి.